రద్దు కాని కొలువు

బొంరాస్‌పేటలో ఎనభై దాటిన పెద్దాయన ఎవరైనా ఇల్లు కదలకుండానే మూడు జిల్లాల్లో బతికాడు: 1956 దాకా గుల్బర్గా, తర్వాత మహబూబ్‌నగర్, 2016 నుంచి వికారాబాద్. జిల్లా మారినప్పుడు మారింది బోర్డే. బతుకు మాత్రం భూమి లెక్క రాసే పహాణీ ఎవరి చేతిలో ఉందన్నదాని మీదే నడిచింది. 1984లో ఎన్టీఆర్ ప్రభుత్వం పటేల్, పట్వారీలను తీసేసింది. 2020లో గ్రామ రెవెన్యూ అధికారులైన వీఆర్వోలు పోయి, భూరికార్డుల పోర్టల్ ధరణి వచ్చింది. 2025లో భూభారతి చట్టంతో పాటు గ్రామ పాలన అధికారి వచ్చాడు. ఇలా మనిషిని తీసేసి మళ్లీ తేవడాన్ని ప్రభుత్వాల తడబాటంటే నేనొప్పుకోను. పట్వారీ ఎంత పీడించినా తిట్టుకోవడానికైనా ఒక మొహం ఉండేది. కంప్యూటర్ తెర మీద పేరు గల్లంతైతే ఎవరితో పోట్లాడాలి? ఊరికి మనిషే కావాలి. చిక్కేమిటంటే, మనిషితో పాటే పాత వంగుబాటూ తిరిగొస్తుంది: చెప్పులు బయట విడిచి, చేతులు కట్టుకుని, హక్కును దయలాగా అడుక్కోవడం. పదవిని ఒక్క ఆర్డినెన్సుతో తీసేయొచ్చు, ఆ నిలబడే తీరును తీసేయలేం. నా లెక్కలో అసలు వ్యవస్థ అదే. అందుకే కొత్త అధికారి ఎన్ని ఫైళ్లు కదిపాడని నేనడగను. వచ్చిన రైతుకు కుర్చీ చూపించాడా, కాదన్నప్పుడు కారణం రాసిచ్చాడా అని అడుగుతాను.