లెక్కకందని నిరుద్యోగము

దేశముపై ఆర్థిక విపత్తు వచ్చిపడినప్పుడు నిరుద్యోగము పెరుగుననుట ఎల్లరెరిగిన విషయమే. కాని మన సర్కారు లెక్కలు వేరొక కథ చెప్పుచున్నవి. 2020వ సంవత్సరము మార్చి 24వ తేదీ రాత్రి, నాలుగు గంటల గడువుతో, దేశమంతటను లాక్‌డౌను విధింపబడెను. ఏప్రిల్ మొదలు జూన్ వరకు గల మూడు మాసములలో దేశపు ఉత్పత్తి అంతకు ముందటి యేటికంటె దాదాపు నాలుగవ వంతు తగ్గెను. పట్టణములలో పని కోరువారిలో నూటికి ఇరువదిమందికి పైగా పని దొరకకపోయెను. అయినను, 2018-19లో నూటికి 5.8గా నుండిన దేశపు నిరుద్యోగము 2019-20లో 4.8కిని, 2020-21లో 4.2కిని దిగినదని కేంద్ర గణాంకశాఖవారి వార్షిక నివేదికలు చాటినవి!

ఇదెట్లు సంభవించెను? లెక్కలు అబద్ధములని మేమనము. సమాధానము లెక్కించు పద్ధతిలోనే కలదు. ఏడాదిలో ముప్పది దినములకు తక్కువగాక పనిచేసినవాడు ఆ వార్షిక గణనమున పనిగలవాడే. కూలి లేక తండ్రి పొలములో కలుపు తీసినవాడును పనిగలవాడే. 2018-19లో పనిచేయువారిలో నూటికి 42.5 మంది సేద్యముపై ఆధారపడియుండగా, 2020-21 నాటికి 46.5 మంది అయిరి. నగరములలోని కట్టడములను, మగ్గములను విడిచి కాలినడకను ఇల్లు చేరినవారికొరకు భూమి పెరుగలేదు. ఉన్న గంజినే మరి నలుగురు పంచుకొనిరి.

ధనిక దేశములలో పని పోయినవానికి ప్రభుత్వ భృతి కలదు. వాడు కొన్ని నెలలు పని వెదకుకొనగలడు. ఇచ్చట పేదవానికి ఊరక కూర్చుండు స్తోమతు లేదు. కావున విపత్తు వచ్చినప్పుడు మన దేశమున ఏడాది తిరుగునప్పటికి పెరిగి కనబడునది నిరుద్యోగపు అంకె కాదు. తరుగునది కూలియు, పనిదినములును. క్రాసుపరీక్షకు నిలువని సాక్ష్యముపై ఏ న్యాయాధిపతియు తీర్పు చెప్పడు. ఈ ఒక్క అంకెను నమ్మి దేశము క్షేమముగా నున్నదని తీర్పు చెప్పుట ఎట్లు తగును?

2005 నాటి గ్రామీణ ఉపాధి హామీ చట్టము ఆ గడ్డుకాలమున పల్లెలను ఆదుకొనెను. 2020 మే మాసములో దానికి 40,000 కోట్ల రూపాయలు అదనముగా కేటాయింపబడెను. కాని పట్టణపు కూలికి దేశవ్యాప్తముగా అట్టి చట్టబద్ధమగు హక్కు లేకపోయెను. అందుచేతనే వాడు రహదారి పట్టెను.

ప్రభుత్వమువారిని మేము కోరునవి రెండు. నిరుద్యోగపు అంకెను ప్రకటించునప్పుడెల్ల దాని ప్రక్కనే కూలి ఎంత తరిగినదో, కూలి లేని పని ఎంత పెరిగినదో ప్రకటింపవలెను. పట్టణములలో పని కోరు హక్కును చట్టము చేయవలెను. రాబోవు విపత్తు ముహూర్తము చూచుకొని రాదు. అది వచ్చిన పిదప చట్టము వ్రాయ మొదలిడినచో, ఆ చట్టము అచ్చగునప్పటికి కూలివాడు సగము దారి నడచియుండును.