మా పిల్లల్ని ఏ కొలబద్దతో కొలుస్తున్నారు?

రక్తపరీక్షతో తేలేది కాదు ఆటిజం. స్కానింగులో కనబడేదీ కాదు. పిల్లాణ్ణి చూడాలి, ఆడించాలి, తల్లిని అడగాలి. అంటే పరీక్ష మొత్తం మాట మీదా, మర్యాద మీదా నిలబడి ఉంది. ఎవరి మాట? ఎవరి మర్యాద?

మన దేశంలో ఆటిజం తీవ్రతని కొలవడానికి చేసిన 'ఐసా' పట్టిక సికింద్రాబాద్‌లోని జాతీయ సంస్థ తయారుచేసిందే. అందులో 40 అంశాలు. మొదటిదే కళ్లలోకి చూడ్డం గురించి. పెద్దవాళ్ల కళ్లలోకి సూటిగా చూస్తే మా ఇళ్లలో బద్‌తమీజీ అంటారు. అదబ్‌తో తల దించుకున్న పిల్లాడు వేరు, అమ్మీ వైపు కూడా చూడని పిల్లాడు వేరు. ఆ తేడా చెప్పగలిగేది అమ్మీయే. దక్కనీ తప్ప రాని అమ్మీని తెలుగులోనో ఇంగ్లీషులోనో అడిగితే ఏం చెబుతుంది? 'పానీ' తెలిసిన బిడ్డని 'నీళ్లేవి?' అనడిగితే బిత్తరపోతాడు. అప్పుడు మీరు కొలిచింది దేన్ని?

ఇంకో అన్యాయం ఉంది. మాటలు రాలేదని తీసుకెళితే, 'ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, అందుకే ఆలస్యం. ఉర్దూ మానేయండి' అని పంపేసేవాళ్లున్నారు. రెండు భాషలు వింటే ఆటిజం రాదు, ముదరదు. అమ్మీ భాష మానిపిస్తే ఆ బిడ్డతో మనసారా మాట్లాడే మనిషి నోరు నొక్కినట్టే.

ఇది మా గోడు మాత్రమే కాదు. ఫిలడెల్ఫియాలో పేదల వైద్య పథకం కింద ఉన్న పిల్లల మీద 2002లో ఒక అధ్యయనం అచ్చయింది. ఆటిజమని తేలేసరికి తెల్ల పిల్లలకి సగటున 6.3 ఏళ్లు, నల్ల పిల్లలకి 7.9 ఏళ్లు. అమెరికాలో ఏళ్ల తరబడి తెల్ల పిల్లల్లోనే ఆటిజం ఎక్కువని లెక్కలు చూపాయి. 2023లో వచ్చిన ప్రభుత్వ లెక్కల్లో అది తిరగబడింది. 8 ఏళ్ల పిల్లల్లో వెయ్యికి తెల్లవాళ్లు 24 మంది, నల్లవాళ్లు 29 మంది. పిల్లలు మారారా? చూసే కళ్లు మారాయి.

మనవాళ్లతోనూ ఒక మాట. జిన్ను పట్టిందనో, నజర్ తగిలిందనో దర్గాల చుట్టూ తిప్పే రోజులన్నీ బిడ్డకి నష్టమయ్యేవే. అక్కల నిఖాలు ఆగిపోతాయని లోపలి గదిలో దాచమని ఏ దీన్ చెప్పింది? దువా చేయండి, ఆస్పత్రికీ పదండి.

మమ్మల్ని మూఢులని వెక్కిరించే సెక్యులర్ మిత్రులారా, మీరూ వినండి. తాయెత్తు కట్టే ముజావర్ ఆ తల్లి బాధని ఆమె భాషలోనే వింటాడు. మీ ఆస్పత్రి ఎన్ని నిమిషాలు వింటుంది?

ఉర్దూని రాష్ట్రమంతటా రెండో అధికార భాషగా తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2022లో ప్రకటించాయి. బోర్డుల మీద అక్షరాలు మాకు చాలవు. ఆటిజం పరీక్ష చేసే ప్రతి సర్కారీ ఆస్పత్రిలో దక్కనీ తెలిసిన మనిషిని కూర్చోబెట్టండి. 2016 చట్టం ఆటిజం పిల్లలకి ఇచ్చిన హక్కు మా పిల్లలకీ అందాలంటే ముందు వాళ్ల అమ్మీ మాట అర్థం కావాలి.