పైమెఱుగును చట్రమును
యుద్ధానంతర బ్రిటనులో ఉక్కు దుర్లభమై యుండుటచేత 1948లో వెలువడిన ల్యాండ్ రోవరునకు అల్యూమినియము మిశ్రలోహపు రేకులతో దేహమును, ఉక్కుతో చట్రమును అమర్చిరి. ఆ రేకులకు త్రుప్పు పట్టదు గనుక ముదుసలి బండియు కొత్తరంగు పూసినంతనే నవయౌవనమున మెఱయుచు కొనువాని కన్నుగప్పును. కావున బేరమునకు పోవు రసికుడు ఇంజను ధ్వనికి పరవశుడు కాక (ఇంజనును మార్చుకొనవచ్చును), పాతబట్టలు ధరించి బండిక్రింద దూరి, చట్రపు వెనుక అడ్డదూలమును, స్ప్రింగులు తగులు చోట్లను, ఇంజనునకును ముందు ఆసనములకును నడుమనున్న ఉక్కుగోడ పాదభాగమును చిన్నసుత్తితో తట్టి చూడవలెను. గట్టి ఉక్కు ఖంగున మ్రోగును; పుచ్చినచోట మందధ్వని పుట్టును. చట్రమునకు క్రొత్తగా, దళసరిగా పూసిన నల్లరంగు నా దృష్టిలో త్రుప్పుకంటెను అనుమానాస్పదము. ఇక చట్రముమీది సంఖ్య పత్రములలోని సంఖ్యతో సరిపోలనిచో, ఎంత చౌకయైనను ఆ బండిని అమ్మువానికే విడిచి రండు.