పడకగదికి టీవీ వైరు అవసరమా?

1975 ఆగస్టు 1న మొదలై ఏడాదిపాటు సాగిన ‘సైట్’ ఉపగ్రహ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాల్లో సుమారు 2400 గ్రామాలకు ఊరికొక టీవీ ఇచ్చారు. ఊళ్ళోవాళ్ళు ఒకచోట చేరి చూసి, అయిపోగానే ఇళ్ళకు వెళ్ళేవారు. ఇప్పుడు గదికొక టీవీ వచ్చింది. ముందుగదిలోని కనెక్షన్‌ను పడకగదికి కూడా లాక్కోవచ్చా అని అడుగుతున్నారు.

లాక్కోవచ్చు. అయితే ఒకే సెట్‌టాప్ బాక్సునుంచి రెండు టీవీలకు వైరు లాగితే రెండింటిలోనూ ఒకే ఛానల్ వస్తుంది. మామూలు రిమోటు గోడ అవతలికి పనిచేయదు కనుక ఛానల్ మార్చాలంటే బాక్సు ఉన్న గదికి వెళ్ళవలసిందే. ఎవరి ఛానల్ వారికి కావాలంటే టీవీకొక బాక్సు ఉండాలి. డిష్ అయితే రెండు వైర్లు ఇచ్చే ఎల్.ఎన్.బి. బిగించాలి. ఒకే వైరును స్ప్లిటరుతో చీల్చితే సిగ్నల్ సగమవుతుంది; ఒక బాక్సుకు రెండోది అడ్డు తగులుతుంది కూడా.

ఇంతవరకూ మెకానిక్ చెబుతాడు. ఆ గదిలో నిద్రపోయేది ఎవరన్నది మీరే చూసుకోవాలి.

కోయగూడెం ఓపెన్‌కాస్టు ఉన్న టేకులపల్లి మండలంలోనూ, ఇల్లెందు, కొత్తగూడెం వైపూ సింగరేణి కుటుంబాలకు షిఫ్టుల సంగతి చెప్పనక్కరలేదు. రాత్రి డ్యూటీ చేసి వచ్చిన మనిషి పగలు నిద్రపోవాలి. పెద్దవారికి రోజుకి ఏడు గంటలకు తగ్గకుండా నిద్ర అవసరం. పక్కన సీరియల్ మోగుతుంటే కళ్ళు మూసుకున్నా నిద్ర పట్టదు. పట్టినా మాటిమాటికీ తెగిపోతుంది. ఆ బాకీ మరునాటి రాత్రి డంపరు స్టీరింగు ముందు కునుకుగా వస్తుంది. ఒక్క క్షణం కునుకు ప్రాణం తీయవచ్చు.

ఇక పిల్లల సంగతి. రెండేళ్ళలోపు పిల్లలకు టీవీ వద్దనీ, రెండునుంచి నాలుగేళ్ళవారికి రోజుకి గంట మించకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. మూడు, నాలుగేళ్ళ పిల్లలకు పగటి కునుకుతో కలిపి పది నుంచి పదమూడు గంటల నిద్ర కావాలి. పడకగదిలో టీవీ ఉంటే ఈ లెక్క తప్పుతుంది. పెద్దల చూపు పడని చోట పిల్లలు ఏం చూస్తున్నారో, ఎంతసేపు చూస్తున్నారో కూడా తెలియదు.

మీ అమ్మగారు సౌండ్ బాగా పెంచుతున్నారని ఆమెకు వేరే గదిలో టీవీ పెట్టదలిచారా? తొందరపడకండి. సౌండ్ పెంచడం వినికిడి తగ్గిందనడానికి గుర్తు కావచ్చు. కొందరికి చెవిలో గులిమి గట్టిపడినా వినపడదు. దాన్ని డాక్టరు తేలికగా తీసేస్తారు. పిన్నీసుతో, అగ్గిపుల్లతో మీరు తీయకండి. వయసువల్ల వచ్చిన చెవుడైతే వినికిడి యంత్రం ఉపయోగిస్తుంది. ఆమెను విడిగా కూర్చోబెట్టడం వైద్యం కాదు.

మరో ముఖ్యమైన హెచ్చరిక. డిష్ వైరు వెంట పిడుగు ఇంట్లోకి రావచ్చు. మబ్బు పట్టగానే కరెంటు ప్లగ్గు, డిష్ వైరు రెండూ తీసేయండి. ఉరుములు మొదలయ్యాక మాత్రం వైర్లను, టీవీని ముట్టుకోవద్దు.

రెండో టీవీ తప్పదనుకుంటే ఈ జాగ్రత్తలు పాటించండి. దాన్ని నలుగురూ మసిలే గదిలోనే పెట్టండి. చేతికందే చోట విడిగా స్విచ్చి పెట్టించండి. సెట్‌టాప్ బాక్సులో పిల్లలు కొన్ని ఛానళ్ళు చూడకుండా తాళం వేసే వీలుంటుంది, దాన్ని వాడండి. నిద్రకు గంట ముందే టీవీ కట్టేయండి. రాత్రి షిఫ్టు చేసినవారు పడుకున్న వేళ రెండు టీవీలూ కట్టేసి ఉంచండి.

ఇంత చేసినా రెండు మూడు వారాలు నిద్ర సరిగ్గా పట్టకపోతే, లేదా పనిలో తూగు వస్తుంటే డాక్టరును సంప్రదించండి. మీ అంతట మీరు నిద్రమాత్రలు కొని వేసుకోవద్దు.