64 పేజీలు చాలు

డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో ఏ ఎడిషన్ మేలైనది అని అడిగితే పెద్దమనుషులు ఒక తయారు జవాబు చెబుతారు. "ఎవరి అభిరుచి వారిది, ఏదైనా ఒకటే." వినడానికి ఎంతో సౌమ్యంగా ఉన్నా, నా దృష్టిలో ఇది తప్పించుకునే మాట. ఎడిషన్ల మధ్య తేడా అట్టమీది బొమ్మలతో ఆగదు. ఆట ఎవరి చేతిలో ఉండాలన్న ప్రశ్నకు ఒక్కో ఎడిషన్ ఒక్కో జవాబు చెప్పింది. 1981లో టామ్ మోల్డ్‌వే కూర్చిన బేసిక్ పుస్తకం చెప్పిన జవాబే సరైనదని నా వాదన.

ఆట తెలియని మిత్రుల కోసం రెండు ముక్కలు. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే అమెరికన్లు 1974లో దీన్ని ప్రచురించారు. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. డంజన్ మాస్టర్ అనే సూత్రధారి ఒక గుహనో కోటనో వర్ణిస్తాడు. తక్కినవారు తలా ఒక పాత్ర ధరించి, తామేం చేస్తారో నోటితో చెబుతారు. ఫలితం సందేహమైన చోట పాచికలు తీర్పు చెబుతాయి. పృచ్ఛకుడు ఏమడుగుతాడో అవధానికి ముందుగా తెలియనట్లే, ఆటగాడు ఏం చేస్తానంటాడో సూత్రధారికి తెలియదు. ఈ ఆటకు ప్రాణం అక్కడే ఉంది.

ముందుగా మూలవాదుల సంగతి. 1974 నాటి మూడు చిన్న పుస్తకాలే అసలైనవనీ తరువాతివన్నీ కల్తీ అనీ వీరి మాట. ఆ పుస్తకాలు చైన్‌మెయిల్ అనే పాత యుద్ధక్రీడ నియమాలు పాఠకుడికి తెలుసుననుకుని రాసినవి. కొత్తవాడు వాటిని మాత్రమే చదివి ఆట మొదలుపెట్టడం గగనం. మూలమన్న గౌరవం ఉండవలసిందే. మూలం కనుక ఉత్తమం అనడం మాత్రం తర్కానికి నిలవదు.

ఇక నవ్యవాదులు. 2000లో మూడవ ఎడిషన్, 2008లో నాలుగవది, 2014లో ఐదవది, 2024లో దాని సవరణ వచ్చాయి కదా, తాజాదే మెరుగు అంటారు. ఎన్నో చిక్కులు విడదీశారు, కాదనను. కాని 2014 నాటి మూడు ప్రధాన గ్రంథాలు కలిపితే వెయ్యి పేజీలకు కొద్దిగా తక్కువ. ప్రతి పాత్రకూ శక్తుల జాబితా, ప్రతి చేష్టకూ ఒక పరీక్ష. దాంతో ఆటగాడి చూపు గుహమీదినుంచి తన చేతిలోని కాగితం మీదికి దిగుతుంది. "ఆ బండ వెనక చెయ్యిపెట్టి తడుముతాను" అనవలసినవాడు "పాచిక వేయనా?" అని అడుగుతాడు.

1981 పుస్తకం 64 పేజీలు, మూడు స్థాయిల వరకే. అందులో మాంత్రికుడు మొదట్లో నాలుగు ముఖాల పాచిక వేసి ప్రాణబలం తెచ్చుకుంటాడు, ఒక్క మంత్రంతో బయలుదేరుతాడు. దివిటీ గంటసేపు వెలుగుతుంది. ఇరవై నిమిషాలకోసారి, ఏదైనా ప్రాణి తారసపడుతుందేమోనని సూత్రధారి పాచిక వేస్తాడు. తారసపడినది కత్తి దూయాలని లేదు. రెండు పాచికలు దాని మనోభావాన్ని నిర్ణయిస్తాయి, అది మాట కలపవచ్చు. పోరు మొదలైనా ధైర్యం చెడి పారిపోవచ్చు. గాబ్లిన్‌ను చంపితే 5 అనుభవ పాయింట్లు, బయటికి చేర్చిన ప్రతి బంగారు నాణేనికీ ఒక పాయింటు. వంద నాణేలు చడీచప్పుడు లేకుండా తెచ్చుకోవడం ఇరవై గాబ్లిన్లను నరకడంతో సమానమన్నమాట. ఇంత చిన్న లెక్క ఆటగాడికి యుక్తి నేర్పుతుంది. పుస్తకంలో లేనిది ఎవరైనా తలపెడితే సూత్రధారి తన విచక్షణతో తేల్చాలని ఆ పుస్తకమే చెబుతుంది.

లోపాలు లేవా? ఉన్నాయి. కవచం మెరుగయ్యేకొద్దీ దాని అంకె తగ్గడం చిరాకు పుట్టిస్తుంది. ఎల్ఫ్‌కూ డ్వార్ఫ్‌కూ జాతే వృత్తి కావడం ఇరుకైన ఊహ. దొంగకు తొలిస్థాయిలో ఉచ్చును పసిగట్టే అవకాశం 10 శాతమే! వీటిని నేను సమర్థించను. అయితే 64 పేజీలలోని లోపాన్ని అంచున పెన్సిలుతో దిద్దుకోవచ్చు. వెయ్యి పేజీలలో ఒక రాయి కదిపితే పది కదులుతాయి. అప్పుడు సవరణ హక్కు బల్ల దగ్గరినుంచి జారి ప్రచురణకర్త చేతికి పోతుంది.

ఈ హక్కు విలువ జనవరి 2023లో తేటతెల్లమయింది. 2000 నుంచి ఉన్న ఓపెన్ గేమ్ లైసెన్సు ఇక చెల్లదనే అర్థమిచ్చే ముసాయిదా ఒకటి బయటికి పొక్కింది. ఆటగాళ్లు, చిన్న ప్రచురణకర్తలు భగ్గుమన్నారు. విజార్డ్స్ ఆఫ్ ది కోస్ట్ వెనక్కు తగ్గి, ఐదవ ఎడిషన్ మూల నియమాలను క్రియేటివ్ కామన్స్ కింద విడుదల చేసింది. రాసినదాన్ని అదే తరహా లైసెన్సు కింద తెలుగు వికీపీడియాకు ధారపోసిన మనవాళ్లకు ఇందులోని మర్మం వివరించనక్కరలేదు. ఇచ్చినవాడు తిరిగి లాక్కోగలిగితే, అది ఇచ్చినట్టు కాదు.

1981 నియమాలను తిరగరాసిన ఓల్డ్ స్కూల్ ఎసెన్షియల్స్ వంటివి కూడా ఆ పాత లైసెన్సు నీడన పుట్టినవే కదా అని మీరు అడగవచ్చు. సరైన ప్రశ్నే. ఆ లైసెన్సు నిజంగా పోయివుంటే ఆ ప్రచురణలకు దెబ్బ తగిలేది. కాని 64 పేజీల నియమాలు నాలుగు వారాలాడితే నోటికొస్తాయి. నోటికొచ్చినదాన్ని ఏ కంపెనీ రద్దు చేయగలదు?

అందుకే ఎడిషన్ ఎంచుకునేవారు ముద్రణ సంవత్సరం, బొమ్మల నాణ్యత పక్కనపెట్టి ఒక్క పరీక్ష పెట్టి చూడాలి. పుస్తకం మూసి బీరువాలో పెట్టేశాక కూడా బల్లమీద ఆట సాగుతుందా? సాగితే ఆ ఆట మీది. ఆగిపోతే మీరు ఇంకొకరి ఆటకు అద్దెకున్నారు.