బీమారీ ఇంజిన్‌దా, డెక్కుదా?

అమెరికాలో స్థిరపడిన మన వాళ్లలో కొందరి ఇళ్ల వెనక పెద్ద పచ్చిక, దాన్ని కోయడానికి ఓ పాత గార్డెన్ ట్రాక్టర్ ఉంటాయి. బ్లేడ్లు తిరిగే డెక్కు సుస్తీ పడగానే, 'ఇంజిన్ ఖతం, కొత్తది కొనెయ్' అని మష్వరా ఇచ్చేవాళ్లు తయారు. ఈ జల్దీబాజీ నాకు నచ్చదు.

అస్లీ మర్జ్ చాలాసార్లు ఇంజిన్‌లో ఉండదు. ముందు స్పార్క్ ప్లగ్ తీగ ఊడదీసి, డెక్కు కింద చూడండి. ఎండి గట్టిపడిన గడ్డి, మొద్దుబారిన బ్లేడ్లు, నునుపుదేలి జారే బెల్టు, సాగిపోయిన ఐడ్లర్ స్ప్రింగ్... ముజ్రిమ్ అక్కడే దొరకొచ్చు. తర్వాత బెల్టు తీసి ఒక్కో స్పిండిల్‌ను చేత్తో తిప్పండి. గరగరమన్నా, బిగుసుకున్నా, అటూ ఇటూ ఊగినా బేరింగ్ ఖరాబ్ అయినట్టే.

పాత బేరింగ్ మీద నంబర్ చూడండి. 6204 అని ఉంటే లోపలి వ్యాసం 20 మి.మీ., బయటిది 47. దునియా అంతా అదే కొలత, మన రాణీగంజ్‌లోనూ అదే. కంపెనీ డబ్బాకే ఎక్కువ పైసలు పోయాల్సిన జరూరత్ లేదు. హౌసింగ్‌లోకి దించేటప్పుడు బయటి రింగు మీదే నొక్కాలి. లోపలి రింగు మీద సుత్తి దెబ్బలు పడితే కొత్తదీ బర్బాద్.

డెక్కు రేకే తుప్పుతో చిల్లులు పడితే వదిలేయండి, ఒప్పుకుంటాను. 'నౌకరీ చేసేవాడికి ఫుర్సత్ ఎక్కడిది భాయ్?' అనేదీ వాజిబే. కానీ మనలో ఎందరినో చదివించింది మెకానిక్ షెడ్లలో అబ్బాజాన్‌లు చేసిన మెహనతే. ఆ హునర్ ఒక్క తరంలో గాయబ్ కాకూడదు. ఈసారి డెక్కు విప్పినప్పుడు బేటానే కాదు, బేటీని కూడా పక్కన కూర్చోబెట్టుకుని పానా చేతికివ్వండి.