చెంబూ గరాటూ చాలు

ఈమధ్య ఏడాది నిండిన పిల్లలకు ఏం కొనాలని ఎవరిని అడిగినా నీళ్ల బొమ్మలే చెబుతున్నారు. చక్రాలు తిరిగే నీళ్ల బల్ల, నొక్కితే నీళ్లు చిమ్మే చేప, గోడకంటించే జల్లు. వీటితో తెలివీ ధైర్యం వస్తాయని అట్టపెట్టె మీదే రాసి ఉంటుంది. నీళ్లాటతో వస్తాయన్నది నిజమే. అవి ఆ పెట్టెలోంచే వస్తాయనుకోవడం దగ్గరే నాకు పేచీ.

మా చెల్లెలి కొడుక్కి రెండేళ్లు. వాడికి కొన్న నీళ్ల బల్ల బాల్కనీలో ఎండుతోంది. వాడి మనసంతా మా టీ వడకట్టే జాలీ మీద. అందులో పోస్తే నీళ్లు నిలవవు, గ్లాసులో పోస్తే నిలుస్తాయి. ఈ వింతను అరగంట సేపు మళ్లీ మళ్లీ చూసుకుంటాడు. చిన్న చెంబుతో ముంచి గరాటులో పోస్తే మొదట్లో అన్నీ కాళ్ల మీదే. నాలుగు రోజులయ్యేసరికి సగం పైగా సీసాలో పడ్డాయి. అప్పుడు తలెత్తి మా అందరి మొహాలూ చూశాడు చూడండి, కలెక్టరు ఉద్యోగం వచ్చినవాడు కూడా అలా చూడడు! ఇప్పుడు అన్నం దగ్గర గ్లాసు ఎవర్నీ పట్టుకోనివ్వడు.

బీఏలో నేను చదివింది తెలుగే అయినా, పియాజే అనే స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త గురించి తర్వాతెప్పుడో చదివాను. పొట్టి గ్లాసులో నీళ్లు కళ్లముందే సన్నటి పొడుగు గ్లాసులో పోసి చూపిస్తే, నాలుగైదేళ్ల పిల్లలు పొడుగుదాంట్లోనే ఎక్కువున్నాయంటారట. ఇంచుమించు ఏడేళ్లు వస్తేగానీ నీళ్లు అవే అని తేల్చుకోలేరు. మాంటిస్సోరి బడుల్లోనైతే కూజాతో నీళ్లు ఒంపడం ఒక పాఠం. ఒలికితే తుడవడానికి గుడ్డ కూడా పిల్లల చేతికే ఇస్తారు. నాకు అన్నిటికంటే నచ్చింది ఆ గుడ్డ.

మన ఇళ్లలో ముందు కేక వస్తుంది, గుడ్డ తర్వాత. అమ్మలకు ఓపిక లేక కాదండీ. తుడవాల్సింది అమ్మే, రేపు ముక్కు కారితే "నీళ్లలో ఎందుకు వదిలావు?" అని మాట పడాల్సిందీ అమ్మే. ఆ ప్రశ్న నాన్ననడిగిన పెద్దవాళ్లను నేనింతవరకూ చూడలేదు. జలుబు తెచ్చేది వైరస్. ఎండపొద్దున ఆడించి, వెంటనే తుడిచి పొడిబట్టలేస్తే భయం అక్కర్లేదు. నీళ్లు దండగంటారా, నాలుగు చెంబులు చాలు, ఆట అయ్యాక కుండీల్లో పోసేయండి.

కొనాలనే ఉంటే, అడుగున చిల్లు ఉండి కీచుమనే రబ్బరు బాతులు మాత్రం వద్దు. లోపలికెళ్లిన నీరు ఆరదు, బూజు పడుతుంది. స్విట్జర్లాండ్, అమెరికా పరిశోధకులు వాడిన బాతుల్ని కోసి చూసి 2018లో ఈ సంగతే బయటపెట్టారు.

ఇక ఒక్క విషయంలో నేను ఎవరి మాటా వినను. రెండంగుళాల నీళ్లున్నా పసివాడికి ప్రమాదమే. ఆ వయసులో తల బరువెక్కువ, బకెట్లోకి తలకిందులుగా పడితే లేవలేరు. అరుపు కూడా వినపడదు. అందుకే చెయ్యి చాపితే అందేంత దగ్గర పెద్దవాళ్లొకరు కూర్చోవాలి, ఫోను లేకుండా. కుక్కర్ కూతేసినా లేవకూడదు, లేస్తే పిల్లాణ్ణి చంకనేసుకునే లేవాలి. ఆట కాగానే టబ్బూ బకెట్టూ బోర్లించాలి.

మా చెల్లెలు పీట వేసుకుని కూర్చుంటుంది. ఆదివారం మాత్రం ఆ పీట మా మరిదిది. తుడిచే గుడ్డ కూడా.